రిపన్ బిల్డింగ్ రేడియో: మద్రాసులో ఊరి స్టేషన్ ఎలా నిలిచింది, తెలుగు ఎందుకు కదిలింది

1930 మార్చి 1న ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ మూతపడింది. బొంబాయిలోనూ కలకత్తాలోనూ ఒక్కొక్కటి 1.5 కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్లతో 1927లో అట్టహాసంగా మొదలైన సంస్థ అది. సరిగ్గా నెల తిరిగేసరికి, ఏప్రిల్ 1న, మద్రాసు నగరపాలక సంస్థ తన సొంత రేడియో ప్రసారాలు మొదలుపెట్టింది. కార్పొరేషన్ చేతిలో ఉన్నది ఒక క్లబ్ వదిలిపెట్టిన సెకండ్‌హ్యాండ్ యంత్రం. పెద్ద పెట్టుబడితో వచ్చింది మూడేళ్లు నిండకుండానే పోతే, మునిసిపాలిటీ నడిపిన చిన్న స్టేషన్ ఎనిమిదేళ్లు నిలిచింది. ఎందుకలా జరిగిందో చూస్తే ఊరి రేడియో గురించి చాలా సంగతులు తేటపడతాయి. ఆ తర్వాత ఇదే పట్నంలో పుట్టి పెరిగిన తెలుగు రేడియో విజయవాడకు ఎందుకు వెళ్లాల్సి వచ్చిందో కూడా అర్థమవుతుంది.

ముందు ఆ క్లబ్ సంగతి. మద్రాస్ ప్రెసిడెన్సీ రేడియో క్లబ్ 1924 మే 16న ఏర్పడింది. ముందుండి నడిపించినవారు సి.వి. కృష్ణస్వామి చెట్టి. అదే ఏడాది జూలై 31న ప్రసారాలు మొదలయ్యాయి. మొదటి ట్రాన్స్‌మిటర్ శక్తి 40 వాట్లు, అంటే ఒక పాతకాలపు చిన్న బల్బు తాగే కరెంటు. తర్వాత దాన్ని 200 వాట్లకు పెంచారు. 1927 అక్టోబరు వచ్చేసరికి క్లబ్ దగ్గర డబ్బు అయిపోయింది. యంత్రాన్ని కార్పొరేషన్‌కు అప్పగించి తప్పుకుంది.

క్లబ్‌నూ కంపెనీనీ దెబ్బతీసిన జబ్బు ఒకటే. అప్పట్లో రేడియో పెట్టుకున్నవాళ్లు ఏడాదికి పది రూపాయల లైసెన్సు కట్టాలి. కంపెనీకి ఆ పదిలో ఎనిమిది రూపాయలు అందేవి. ఖర్చు మాత్రం వినేవాళ్ల సంఖ్యను బట్టి పెరగదు, తగ్గదు. వంద మంది విన్నా లక్ష మంది విన్నా ట్రాన్స్‌మిటర్ తాగే కరెంటు అంతే, దానిలోని గాజు వాల్వులు మాడిపోయే వేగమూ అంతే, పాడేవాళ్లకు ఇవ్వాల్సిందీ అంతే. గాలిలో వెళ్లే అలకు కంచె వేయలేం కాబట్టి లైసెన్సు లేకుండా వినేవాణ్ని ఆపడం ఎవరి వల్లా కాదు. పైగా సెట్టు కొనగలిగే ఇళ్లే తక్కువ. సెట్లు తక్కువ కావడంతో కార్యక్రమాలకు డబ్బు లేదు. వినదగ్గ కార్యక్రమం లేకపోయేసరికి కొత్తగా సెట్టు కొనేవాడూ లేడు. ఈ సుడిలో నుంచి బయటపడాలంటే చేతినుంచి డబ్బు పోస్తూ పదేళ్లు ఓపిక పట్టాలి. కంపెనీకి ఆ ఓపిక ఉండదు, క్లబ్‌కు ఆ డబ్బు ఉండదు.

కార్పొరేషన్ లెక్క వేరు. వీధి దీపం కింద నడిచేవాళ్లను ఎవరూ లెక్కపెట్టరు, పార్కు బెంచీ మీద కూర్చున్నవాళ్ల దగ్గర టికెట్ అడగరు. రేడియోను కూడా కార్పొరేషన్ ఆ జాబితాలోనే చేర్చింది. స్టేషన్‌ను తన కార్యాలయమైన రిపన్ బిల్డింగ్‌లో పెట్టి, మెరీనా, పీపుల్స్ పార్క్, రాబిన్సన్ పార్క్, హైకోర్టు బీచ్ లాంటి చోట్ల లౌడ్‌స్పీకర్లు బిగించింది. కార్పొరేషన్ బడుల్లో కొన్నింటికి సెట్లు ఇచ్చింది. రోజూ సాయంత్రం 5:30 నుంచి 7:30 దాకా ప్రసారం. పనిదినాల్లో 4 నుంచి 4:30 దాకా పిల్లలకు సంగీత పాఠాలు, కథలు. శ్రోత సెట్టు కొనాల్సిన పని లేకుండా సెట్టునే శ్రోత దగ్గరకు తెచ్చిన ఏర్పాటు ఇది. స్టేషన్ ప్రాణం నిలిపింది ఈ నిర్ణయమే. ప్రసార చరిత్రలు రాసేవాళ్లు ట్రాన్స్‌మిటర్ వాట్లు చెప్పి ముందుకు వెళ్లిపోతారు గానీ, మద్రాసులో అసలు విషయం పార్కుల్లోని ఆ హారన్లే, అంటే గరాటు మూతి లౌడ్‌స్పీకర్లే.

సముద్రపు ఒడ్డున హారన్

బహిరంగ స్థలంలో లౌడ్‌స్పీకర్ పెట్టడం చూసినంత సులువు కాదు, మెరీనా లాంటి చోట మరీ కష్టం. మొదటి చిక్కు గాలి. మద్రాసులో మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి ఊరి వైపు వీస్తుంది. నేల దగ్గర గాలి వేగం తక్కువ, పైకి వెళ్లేకొద్దీ ఎక్కువ. అందువల్ల గాలికి ఎదురు వెళ్లే శబ్దం పైకి వంగిపోతుంది, గాలి వాలున వెళ్లే శబ్దం కిందికి వంగి చెవులకు అందుతుంది. రోడ్డు పక్కన స్తంభానికి హారన్ కట్టి సముద్రం వైపు తిప్పితే ఇసుకలో కూర్చున్నవాళ్లకు మాటలు సగమే అందుతాయి. నీటి వైపు స్తంభం పాతి ఊరి వైపు తిప్పితే అదే శక్తితో ఇంకా ఎక్కువమందికి వినిపిస్తుంది. అయితే నీటికి దగ్గరయ్యేకొద్దీ ఉప్పు కాటు ఎక్కువ.

రెండోది మాట మసకబారడం. శబ్దం సెకనుకు సుమారు 350 మీటర్లు వెళ్తుంది. ఒకే కార్యక్రమం రెండు హారన్ల నుంచి వస్తూ, వినేవాడికి ఒకటి ఇంకోదానికంటే 35 మీటర్లు దూరంగా ఉంటే రెండో గొంతు పదోవంతు సెకను ఆలస్యంగా చేరుతుంది. నాదస్వరానికి దానివల్ల పెద్ద నష్టం లేదు. ప్రసంగం మాత్రం పాడవుతుంది. తెలుగు, తమిళం లాంటి భాషల్లో అర్థం మాట చివరి ప్రత్యయంలో ఉంటుంది, ప్రతిధ్వనిలో ముందు కొట్టుకుపోయేదీ అదే. వచ్చాడో వచ్చారో తెలియకపోతే కథే మారిపోతుంది. దీనికి మందు హారన్ల సంఖ్య పెంచడం కాదు. వాటన్నిటినీ ఒకే స్తంభం మీద వీపులు కలిపి నాలుగు దిక్కులకు తిప్పడం, లేదా ఒక్కొక్కటి తన చుట్టూ ఉన్నవాళ్లకే వినిపించేలా శబ్దం తగ్గించి దూరదూరంగా పెట్టడం.

మూడోది ఉప్పు. సముద్రపు తేమలోని ఉప్పు రాగి టెర్మినళ్ల మీద పచ్చటి చిలుముగా పేరుకుంటుంది. చిలుము వల్ల కనెక్షన్‌లో నిరోధం పెరిగి శబ్దం క్రమంగా సన్నబడుతుంది, ఒకరోజు పూర్తిగా ఆగిపోతుంది. ఏరియల్ (యాంటెనా తీగ) పింగాణీ ఇన్సులేటర్ల మీద ఉప్పు పొర పడితే సాయంత్రం తేమ ఎక్కగానే కరెంటు దాని మీదుగా పాకి చిటపటలు మొదలవుతాయి. ఎండ వేళ పరీక్షిస్తే అంతా బాగానే ఉంటుంది, చీకటి పడ్డాకే లోపం బయటపడుతుంది. అందుకే సముద్రతీర స్టేషన్లలో ఇన్సులేటర్లను మంచినీళ్లతో కడగడం ఎప్పటికప్పుడు చేయాల్సిన పని. టెర్మినళ్లను గీకి, బిగించి, వాసెలిన్ రాయాలి. ఈ పని మానేస్తే ఎంత మంచి యంత్రమైనా ఒక ఈశాన్య రుతుపవనానికి మించి నిలవదు.

చెవికి పెట్టుకునే రేడియో

పార్కుకు వెళ్లనివాళ్లకు అప్పట్లో దొరికిన చవక దారి క్రిస్టల్ సెట్టు. దీనికి బ్యాటరీ అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. స్టేషన్ పంపిన శక్తే ఇయర్‌ఫోన్‌ను మోగిస్తుంది. గెలీనా అనే సీసపు ఖనిజం ముక్క మీద సన్నటి తీగ మొనను ఆనించి, శబ్దం వచ్చే చోటు కోసం వెతుక్కునేవాళ్లు. ఎవరైనా తలుపు గట్టిగా వేస్తే మొన జారి స్టేషన్ పోయేది, మళ్లీ వెతుకులాట.

ఇదే సెట్టును ఇప్పుడు బడిపిల్లలతో చేయించవచ్చు. మీడియం వేవ్‌లో ఆలిండియా రేడియో మద్రాసు-ఏ స్టేషన్ కేటాయింపు 720 కిలోహెర్ట్జ్. 75 మిల్లీమీటర్ల అడ్డకొలత ఉన్న అట్టగొట్టం మీద 26 గేజి ఎనామిల్ రాగితీగను 55 చుట్లు ఖాళీ లేకుండా చుట్టాలి. కింది కొస నుంచి 15వ చుట్టు దగ్గర తీగను మెలిపెట్టి ఒక ట్యాప్ తీయాలి. కాయిల్ రెండు కొసలకు 500 పికోఫారడ్ల వేరియబుల్ కండెన్సర్, పైకొస నుంచి డయోడు, అక్కడి నుంచి ఇయర్‌ఫోన్, ఇయర్‌ఫోన్ రెండో తీగ కింది కొసకు. ఆ కింది కొసనే ఎర్త్‌కు కలపాలి. ఏరియల్‌గా 20 నుంచి 30 మీటర్ల తీగను డాబా మీద కరెంటు తీగలకు దూరంగా కట్టి, ట్యాప్‌కు కలపాలి. ఉరుములు వచ్చే రోజున ఏరియల్‌ను విప్పేయాలి, ఇందులో రాజీ లేదు.

మోగకపోతే కారణం దాదాపు ఎప్పుడూ మూడింటిలో ఒకటి. మొదటిది డయోడు. చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో డయోడు అంటే చేతిలో పెట్టేది సిలికాన్‌ది. అది 0.6 వోల్టులు దాటితేగానీ తెరుచుకోదు, క్రిస్టల్ సెట్టులో అంత వోల్టేజీ రాదు. 1ఎన్34ఏ లాంటి జర్మేనియం డయోడు అని అడిగి తీసుకోవాలి, అది 0.2, 0.3 వోల్టులకే పనిచేస్తుంది. రెండోది ఇయర్‌ఫోన్. మొబైల్‌కు పెట్టుకునే 32 ఓముల ఇయర్‌ఫోన్ కాయిల్‌లోని శక్తినంతా పీల్చేసి మూగబోతుంది. పాతకాలపు 2000 ఓముల హెడ్‌ఫోన్ గానీ క్రిస్టల్ ఇయర్‌పీస్ గానీ కావాలి. క్రిస్టల్ ఇయర్‌పీస్ అయితే దానికి అడ్డంగా 47 కిలోఓముల రెసిస్టర్ వేయాలి, లేకపోతే చార్జి పోయే దారి లేక శబ్దం నొక్కుకుపోతుంది. మూడోది ఏరియల్‌ను ట్యాప్‌కు కాకుండా కాయిల్ పైకొసకు కలపడం. పొడవైన తీగకు దానికదే 200 పికోఫారడ్ల దాకా కెపాసిటెన్స్ ఉంటుంది. అది కండెన్సర్‌తో కలిసి ట్యూనింగును కిందికి లాగేస్తుంది, 720 అందకుండా పోతుంది. ఏఎమ్ ప్రసారం (డిజిటల్ కాని పాత పద్ధతి) నడిచే వేళ, ట్రాన్స్‌మిటర్‌కు మరీ దూరం కాని పేటల్లో ఈ సెట్టు నిజంగానే మోగుతుంది. బ్యాటరీ లేకుండా మాట వినిపించినప్పుడు పిల్లల ముఖాలు చూడాలి.

స్టూడియోలో రెండు గంటలు

రోజుకు రెండు గంటలంటే ఏడాదికి 730 గంటలు. టేపు రికార్డర్ లేని కాలంలో దీన్ని నింపడం మాటలు కాదు. పాడేవాళ్లు, మాట్లాడేవాళ్లు స్వయంగా వచ్చి అప్పటికప్పుడు పాడాలి, మాట్లాడాలి. లేదంటే గ్రామఫోన్. పది అంగుళాల 78 రికార్డు ఒక పక్క మూడు నిమిషాల పైచిలుకు నడుస్తుంది. గంటసేపు రికార్డులు వేయాలంటే 18 పక్కలు కావాలి. ఉక్కు ముల్లును ఒక్కో పక్కకు ఒకసారి మార్చాలి, లేకపోతే అరిగిన మొన రికార్డు గాడిని గీకి నాశనం చేస్తుంది. ఒకే టర్న్‌టేబుల్ ఉంటే ప్రతి మూడు నిమిషాలకూ నిశ్శబ్దం. రెండు ఉంటే ఒకటి తిరుగుతుండగా రెండోదాన్ని సిద్ధం చేసుకోవచ్చు. గ్రామఫోన్ గంట అంటే ఖాళీ గంట అనుకుంటారు గానీ, స్టూడియోలో ఊపిరాడని గంట అదే.

ఒక గంటసేపు ఒకే రాగాన్ని విస్తరించే విద్వాంసుణ్ని మూడు నిమిషాల రికార్డు చూపించలేదు. కచేరీ పద్ధతిని జనానికి అందించింది రేడియోనే. రేడియో కోసం కచేరీని అరగంటకు, ముప్పావుగంటకు కుదించాల్సి వచ్చిందన్న ఫిర్యాదు ఉంది, అదీ నిజమే. అయినా మూడు నిమిషాలతో పోలిస్తే అరగంట చాలా పెద్ద ఆవరణ.

ఇలాంటి చిన్న స్టేషనే మైసూరులో 1935 సెప్టెంబరు 10న మొదలైంది. సైకాలజీ ప్రొఫెసర్ ఎం.వి. గోపాలస్వామి తన ఇంట్లో 30 వాట్ల యంత్రంతో పెట్టిన ఆ స్టేషన్ పేరే ఆకాశవాణి. తర్వాత 250 వాట్లకు ఎదిగి, 1940ల మొదట్లో మైసూరు సంస్థానం చేతికి వెళ్లి, 1955లో బెంగళూరుకు తరలింది. వ్యక్తి మొదలుపెట్టాడు, ప్రభుత్వం నిలబెట్టింది. మద్రాసులో క్లబ్ మొదలుపెట్టింది, మునిసిపాలిటీ నిలబెట్టింది. వరస ఒకటే.

1938: వాట్లు పెరిగాయి, దూరం బయటపడింది

1938 జూన్ 16న ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం ఎగ్మూరు మార్షల్స్ రోడ్డులోని ఈస్ట్ నూక్ అనే బంగళాలో మొదలైంది, కార్పొరేషన్ స్టేషన్ సెలవు తీసుకుంది. ఆ రోడ్డు పేరు ఇప్పుడు రుక్మిణీ లక్ష్మీపతి సాలై. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లి, తర్వాత టంగుటూరి ప్రకాశం మంత్రివర్గంలో పనిచేసిన ఆవిడ పేరది. తెలుగు రేడియో తొలినాళ్ల చిరునామా ఆ రోడ్డు మీదే ఉందని ఇప్పుడు అటుగా వెళ్లే తెలుగువాళ్లలో ఎందరికి తెలుసో.

కొత్త కేంద్రం అటు తమిళ జిల్లాలకూ ఇటు తెలుగు జిల్లాలకూ ఒక్కటే. పట్నానికి 250 వాట్ల మీడియం వేవ్, దూరప్రాంతాలకు 10 కిలోవాట్ల షార్ట్ వేవ్. ఈ రెండు అంకెల్లోనే తెలుగు రేడియో భవిష్యత్తు రాసి ఉంది. ట్రాన్స్‌మిటర్ శక్తిని నాలుగింతలు చేస్తేగానీ అల బలం రెండింతలు కాదు. క్లబ్ 40 నుంచి 200 వాట్లకు వెళ్లినప్పుడు శక్తి ఐదింతలు పెరిగినా అల బలం రెండు రెట్లకు కాస్త పైనే. కాబట్టి 250 వాట్ల మీడియం వేవ్ పట్నాన్నీ చుట్టుపక్కల ఊళ్లనూ దాటి పోలేదు. పట్నంలోని తెలుగువాళ్లకు అది బాగా అందింది. తెలుగు జనాభాలో అత్యధిక భాగం ఉన్న కృష్ణా, గోదావరి జిల్లాలకు మిగిలింది షార్ట్ వేవ్ ఒక్కటే.

షార్ట్ వేవ్ నేల మీద పాకి రాదు. ఆకాశంలో 250, 300 కిలోమీటర్ల ఎత్తున ఉన్న విద్యుత్ పొరకు తగిలి తిరిగి కిందికి దిగుతుంది. మద్రాసు నుంచి విజయవాడ సుమారు 400 కిలోమీటర్లు, విశాఖ సుమారు 600. ఇంత దగ్గరకు దిగాలంటే అల దాదాపు నిట్టనిలువుగా వెళ్లి రావాలి. ఫ్రీక్వెన్సీ ఎక్కువైతే పొర దాన్ని వెనక్కి తిప్పలేదు, అల విజయవాడ నెత్తి మీదుగా దాటి ఎక్కడో దూరాన దిగుతుంది. తక్కువైతే పగటిపూట కింది పొర దాన్ని మింగేస్తుంది. పగలు ఒక ఫ్రీక్వెన్సీ, రాత్రి ఇంకొకటి, ఎండాకాలం ఒక లెక్క, చలికాలం ఇంకో లెక్క. సరిగ్గా దిగినా రెండు దారుల్లో వచ్చిన అలలు ఒకదాన్నొకటి కొట్టుకుని శబ్దం ఉబ్బుతూ తగ్గుతూ వస్తుంది. వార్తలకు ఇది చికాకు. పద్యానికి ప్రాణాంతకం. రాగం తీసి నిలిపిన చోట శబ్దం ములిగిపోతే, పాడినవాడి తప్పో గాలి తప్పో శ్రోతకు తెలియదు.

పైగా క్రిస్టల్ సెట్టుతో అంత దూరపు షార్ట్ వేవ్ వినడం కుదిరే పని కాదు. నాలుగైదు వాల్వుల సెట్టు కావాలి. కరెంటు లేని ఊళ్లలో దాన్ని నడపడానికి రెండు రకాల బ్యాటరీలు కావాలి, వాల్వుల ఫిలమెంట్లు వెలిగించడానికి ఒకటి, పెద్ద వోల్టేజీకి ఇంకొకటి. ఫిలమెంట్ బ్యాటరీని చార్జింగ్ కోసం దగ్గరి టౌనుకు మోసుకెళ్లాలి. మద్రాసులో అరణా ఖర్చు లేకుండా పార్కులో నిలబడి వినే కార్యక్రమమే తెనాలి పక్క పల్లెలో ధనవంతుల ఇంటి ముచ్చట అయింది. కార్పొరేషన్ ఏ గోడను పడగొట్టిందో ఆ గోడ తెలుగు జిల్లాల్లో మళ్లీ లేచింది.

ఇన్ని అడ్డంకుల మధ్య ఎగ్మూరు బంగళాలో జరిగిన తెలుగు పని చూస్తే గుండె నిండుతుంది. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు పిల్లల కార్యక్రమాలతో రేడియో అన్నయ్య, అక్కయ్య అయ్యారు. రచయిత ఆచంట జానకిరాం అక్కడ పనిచేశారు. 1941లో చేరిన బాలాంత్రపు రజనీకాంతరావు లలిత సంగీతానికి ఒక దారి వేశారు. 1947 ఆగస్టు 15న స్వాతంత్ర్యం వచ్చిన వేళ ఆయన రాసి స్వరపరచిన పాట టంగుటూరి సూర్యకుమారి గొంతులో ఈ కేంద్రం నుంచే వెళ్లింది.

అప్పటి నాటకాలు నేరుగా ప్రసారమయ్యేవి. రిబ్బన్ మైకు ముందూ వెనకా బాగా వింటుంది, పక్కలకు దాదాపు చెవిటిది. పాత్రధారులు దానికి రెండు వైపులా ఎదురెదురుగా నిలబడతారు. గుసగుసకు జానెడు దూరం, మామూలు మాటకు రెండడుగులు, కేకకు నాలుగడుగులు వెనక్కి. పాత్ర దూరం నుంచి నడిచి వస్తున్నట్టు వినిపించాలంటే మైకు పక్క వైపు నుంచి మొదలుపెట్టి మెల్లగా ముందుకు తిరగాలి. కాగితం చప్పుడు చేయకుండా పేజీ మార్చడం ఒక విద్య. పేజీలను కుట్టకుండా విడివిడిగా ఉంచి, చదివిన కాగితాన్ని నేల మీద తివాచీ మీదికి జారవిడిచేవాళ్లు. మరీ దగ్గరగా నిలబడితే ప, బ, భ లాంటి ఓష్ఠ్యాలు రిబ్బన్‌ను ఊదినట్టు కొడతాయి. సంస్కృత పదాలు నిండిన పౌరాణిక నాటకంలో భ లాంటి మహాప్రాణాలు మరీ ఎక్కువ. నాటకాల స్టేజీ నుంచి వచ్చిన నటులకు ముందు నేర్పాల్సింది గొంతు తగ్గించడమే. చివరి బెంచీవాడికి కాదు, పక్కన కూర్చున్నవాడికి చెబుతున్నట్టు మాట్లాడాలి. ఇంటి భాష రేడియోలోకి రావడానికి వ్యావహారిక భాషోద్యమం ఎంత కారణమో ఈ మైకు కూడా అంతే కారణం. పక్కవాడితో గ్రాంథికం మాట్లాడితే మైకులో వెంటనే కృత్రిమంగా వినిపిస్తుంది.

రెండు భాషలకు ఒకే స్టేషన్ అంటే గంటల పంపకం కూడా తప్పదు. సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా ఉన్న వేళ అందరికీ కావాలి. అది ఒక భాషకు దక్కితే రెండో భాష శ్రోత ఆ కాసేపూ సెట్టు కట్టేస్తాడు, ఒక్కోసారి మళ్లీ పెట్టడం మరిచిపోతాడు. ఇందులో ఎవరి పక్షపాతమూ వెతకనక్కర్లేదు, గడియారంలో ఉన్న గంటలే అన్ని. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం మొదలైంది, ఆంధ్ర రాష్ట్రం ఏర్పడటానికి ఐదేళ్ల ముందే. రాజకీయంగా పట్నం ఎవరిదన్న వాదన ఇంకా తెగలేదు గానీ, రేడియో విషయంలో ట్రాన్స్‌మిటర్ లెక్క అప్పటికే తేల్చేసింది. తెలుగువాళ్లలో ఎక్కువమంది ఎక్కడుంటే స్టేషన్ అక్కడుండాలి. మద్రాసు కేంద్రం 1954లో మెరీనా ఒడ్డున కొత్త భవనానికి మారింది, 1977 జూలై 23న దేశంలో మొదటి ఎఫ్‌ఎమ్ ప్రసారం కూడా ఈ ఊరి నుంచే వెళ్లింది. అప్పటికి తెలుగు రేడియో గుండెకాయ కృష్ణ ఒడ్డుకు చేరి చాలాకాలమైంది.

పట్నంలో తెలుగు వినాలంటే

చెన్నైలో కూర్చుని తెలుగు కేంద్రాలను నేరుగా గాలిలో పట్టాలనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మీడియం వేవ్‌లో కడప 900, విజయవాడ 837 కిలోహెర్ట్జ్, పొద్దుపోయాక ప్రయత్నించాలి. హైదరాబాద్ 738 మాత్రం కష్టం, పక్కనే ఉన్న స్థానిక 720 దాన్ని కప్పేస్తుంది. మన దేశంలో స్టేషన్ల మధ్య దూరం 9 కిలోహెర్ట్జ్. అమెరికా మార్కెట్టుకు చేసిన డిజిటల్ సెట్లు 10 చొప్పున దూకుతాయి. వాటిలో 900 దొరుకుతుంది, 837 దొరకదు. సెట్టు వెనకనో మెనూలోనో 9కి మార్చుకోవాలి. సెట్టు లోపల ఏరియల్‌గా పనిచేసే ఫెరైట్ కడ్డీ అడ్డంగా ఉన్న దిక్కు నుంచి బాగా వింటుంది, కొసల దిక్కు నుంచి దాదాపు వినదు. విజయవాడ ఉత్తరాన ఉంది కాబట్టి కడ్డీ తూర్పు పడమరలుగా ఉండేలా సెట్టును తిప్పాలి. గరగర ఎక్కువైతే ముందు ఇంట్లోని ఎల్‌ఈడీ బల్బులు, మొబైల్ చార్జర్లు ఒక్కొక్కటి ఆపి చూడాలి. తప్పు స్టేషన్‌ది కాదు, చాలాసార్లు పక్కగదిలోని చార్జర్‌ది.

సొంత స్టేషన్ పెడదామన్న మాట తెలుగు సంఘాల్లో అప్పుడప్పుడు వస్తుంది. స్థానికులే లాభం చూసుకోకుండా నడుపుకునే కమ్యూనిటీ రేడియోకు దారి చూపింది ఈ ఊరే, అన్నా విశ్వవిద్యాలయం 2004 ఫిబ్రవరి 1న 90.4 మెగాహెర్ట్జ్ మీద దేశంలో మొదటి క్యాంపస్ కమ్యూనిటీ రేడియో ప్రారంభించింది. 2006 నవంబరు నుంచి స్వచ్ఛంద సంస్థలకూ అనుమతి దొరుకుతోంది. ప్రసార శక్తి 100 వాట్లు మించకూడదు, టవరు 30 మీటర్లు మించకూడదు, కార్యక్రమాల్లో కనీసం సగం స్థానికుల భాగస్వామ్యంతో తయారవ్వాలి. చెన్నై లాంటి చదునైన, బిల్డింగులు కిక్కిరిసిన ఊళ్లో ఇది పది పన్నెండు కిలోమీటర్లు చేరితే గొప్ప. ఆ శక్తిలోనూ కొంత ట్రాన్స్‌మిటర్ నుంచి యాంటెనాకు వెళ్లే కేబుల్‌లోనే పోతుంది. 40 మీటర్ల ఆర్‌జీ-213 కేబుల్ వేస్తే 50 వాట్లలో యాంటెనాకు చేరేది 27, అరంగుళం ఫోమ్ కేబుల్ వేస్తే 41. కేబుల్‌లో డబ్బు మిగుల్చుకుని పెద్ద ట్రాన్స్‌మిటర్ కొనడం తరచూ జరిగే పొరపాటు. ఇంకోటి, కనెక్టర్లకు నీరు ఇంకని టేపు చుట్టకపోవడం. మొదటి వానాకాలంలోనే నీరు దిగి, శక్తి వెనక్కి కొట్టి, ట్రాన్స్‌మిటర్ తన శక్తిని తానే తగ్గించుకుంటుంది.

జహీరాబాద్ దగ్గర మాచనూరులో 2008 అక్టోబరు 15న మొదలైన సంఘం రేడియో ఇదే 90.4 మీద తెలుగులో ఘనంగా నిలబడింది. దళిత మహిళలు నడిపే ఆ స్టేషన్ శ్రోతలు చుట్టుపక్కల పల్లెల్లోనే ఉన్నారు. చెన్నై తెలుగువాళ్లు అలా లేరు. టి. నగర్‌లో కొందరు, పెరంబూరులో కొందరు, గుమ్మిడిపూండి దాకా ఇంకొందరు. పది కిలోమీటర్ల వలయం ఎక్కడ గీసినా బయట ఉండేవాళ్లే ఎక్కువ. కాబట్టి స్టేషన్ కోసం లక్షలు పోగుచేయడం కంటే, ఉన్న కమ్యూనిటీ స్టేషన్లలో రెండు మూడింటిని వారానికి అరగంట తెలుగు వేళ అడగడం తెలివైన పని. 1938లో ఎగ్మూరులో తెలుగుకు దక్కింది కూడా గంటలే, ట్రాన్స్‌మిటర్ కాదు.

వారానికి అరగంటంటే ఏడాదికి 26 గంటలు. తెలుగును తొందరపడకుండా చదివితే నిమిషానికి 90 నుంచి 100 మాటలు, ఐదు నిమిషాల ప్రసంగానికి 500 మాటల కాగితం చాలు. అరగంట కార్యక్రమానికి రాత, రికార్డింగు, కోత (ఎడిటింగు) కలిపి ఎనిమిది గంటల పని పడుతుంది. రికార్డింగుకు పరుపులు, బట్టల బీరువా ఉన్న పడకగది హాలు కంటే మేలు. ఫ్యాను ఆపాలి, ఫోన్లు గది బయట పెట్టాలి, శబ్దం పతాక స్థాయి మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకోవాలి. చెన్నైలో ఫ్యాను లేకుండా పావుగంటకు మించి కూర్చోలేరు, అందుకే ప్రతి పది నిమిషాలకు విరామం ముందే రాసుకోవాలి. ప్రసారం మొదలుపెట్టే నాటికి కనీసం ఆరు వారాల కార్యక్రమాలు కోసి సిద్ధంగా ఉంచుకోవాలి. సంక్రాంతికి, ఉగాదికి, పెళ్లిళ్ల ముహూర్తాలకు బృందంలో సగం మంది ఊళ్లకు వెళ్లిపోతారు, ఆ వారాలను నడిపేది ఈ నిల్వే.